ఒక పురుగుకు ఒక గిన్నె

"చదివావా?" అంటూ సార్ కంప్యూటర్ తెరను ఆమె వైపు తిప్పారు.

ఆమె నిలబడ్డ చోటు నుంచే చదివేసింది. పత్రికవాళ్లు వ్యాసాన్ని పరిశీలనకు పంపిన పెద్దమనిషి ఎవరో, ఎక్కడివాడో తెలియదు. మొదటి రెండు వాక్యాల్లో మెచ్చుకున్నాడు. కొత్త పురుగు జాతే అయి ఉండవచ్చునన్నాడు. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న. బొమ్మలో గీసిన కొక్కేల వంపు చూస్తే పూలకుండీల్లో దొరికే మామూలు రకం గుర్తొస్తోందట. ఈ కొక్కేలు ఈ శరీరానివేనని రచయితలు మరోసారి సరిచూడగలరా?

"ఏముంది ఇందులో? సరిచూశాం, సరిగ్గానే ఉంది అని ఒక్క లైను రాసి పంపెయ్" అన్నారు సార్. "గురువారం సాయంత్రానికల్లా పంపితే, శుక్రవారం కమిటీ కూర్చునేసరికి వ్యాసం తీసుకున్నట్టు కాగితం నీ చేతిలో ఉంటుంది."

"చూడకుండా ఎలా రాయను సార్?"

"నేను చూశాను కదమ్మా! కోసింది నేను, గీసింది నేను. నువ్వు రాయడమే తరువాయి." ఆయన కళ్లజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. "నీ పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ ఇప్పటికి రెండుసార్లు పొడిగించారు. మూడోసారి పొడిగించడానికి కమిటీలో ఉన్నవాళ్లేమీ నీ మేనమామలు కారు. ఈ వ్యాసం ఉంటే నువ్వు లోపల, లేకపోతే బయట. అంతే."

ఆమె తలూపి బయటికొచ్చింది.

వ్యాసం రాసింది ఒక రోకలిబండ గురించి. వానాకాలంలో గోడల వెంట పాకుతూ, ముట్టుకుంటే చుట్ట చుట్టుకుపోయే నల్లటి రోకలిబండ అందరికీ తెలిసిందే. ఇది దానికి పేద చుట్టం. బియ్యపు నూకంత ఉంటుంది. తెల్లగా, కళ్లు లేకుండా, మట్టిలోనే పుట్టి మట్టిలోనే పోతుంది. వీటిలో ఆడవి ఏ జాతివైనా ఒక్కలాగే కనిపిస్తాయి. మగదానికి మాత్రం ఏడో కణుపు దగ్గర కాళ్లకు బదులు ఒక జత కొక్కేలుంటాయి. అది ఏ జాతో చెప్పేవి ఆ కొక్కేలే. హాస్టల్ లాండ్రీ వెనక గోడ దగ్గర ఆమె ఏరి తెచ్చిన వాటిలో మగది ఒక్కటే దొరికింది. అత్తగారి కంటి ఆపరేషన్ కోసం ఆమె సెలవు పెట్టిన రోజున ఆ ఒక్కదాన్నీ సార్ కోసేశారు. ఆమె తిరిగొచ్చేసరికి కొక్కేలు స్లయిడు మీద ఉన్నాయి, శరీరం సీసాలో ఉంది, వ్యాసంలో సార్ పేరు ముందుంది. "నీకోసం కూర్చుంటే కాలం కూర్చుంటుందా?" అన్నారాయన నవ్వుతూ. ఆమె కూడా నవ్వి ఊరుకుంది.

ల్యాబులో మైక్రోస్కోప్ దగ్గర స్టూలు లాక్కుని, స్లయిడును అద్దం కింద పెట్టింది. సన్నగా, కొడవలిలా వంగిన రెండు కొక్కేలు తేలి వచ్చాయి. వాటి మొదలు వెడల్పు కొలిచింది. తర్వాత సీసాలోని శరీరాన్ని కుంచె కొసతో గాజు గిన్నెలోకి దించి, ఏడో కణుపు కింద ఖాళీ అయిన కంతను కొలిచింది. కంత కంటే కొక్కేల మొదలే వెడల్పుగా తేలింది.

మళ్లీ కొలిచింది. అదే లెక్క.

అయినా అంతమాత్రాన ఏదీ తేలదు. ఆల్కహాల్‌లో పడి ఉన్న శరీరం ముడుచుకుంటుంది. గాజు పలక కింద నొక్కుకుపోయిన కొక్కెం వెడల్పవుతుంది. కాలు వాచినవాడి చెప్పు కాలికి పట్టకపోతే, చెప్పు వాడిది కాదనడానికి లేదు.

"అక్కా..." పక్క బల్ల మీద పనిచేసే పిల్ల వచ్చి వెనక నిలబడింది. తలుపులో నుంచి రావాలంటే తల వంచాలన్నట్టుంటుంది కనుక ల్యాబులో అందరికీ ఆ పిల్ల పొడుగుపిల్లే. "సార్ ఏమన్నారు?"

"రాసెయ్యమన్నారు."

"రాసెయ్ మరి."

"అంత తేలిగ్గా అంటున్నావేం? ఇది చూడు. ఈ చొక్కా ఈ ఒంటిదేనంటావా?"

పొడుగుపిల్ల కంటిని అద్దానికి ఆనించలేదు. తలుపు వైపు చూసింది. చేతిలోని సిరా పెన్ను మూత తీసి, పెట్టి, మళ్లీ తీసింది.

"నేను చెప్పానని అనవద్దక్కా. నాకింకా సార్ సంతకాలు చాలా కావాలి."

"అనను."

"ఆ రోజు సార్‌కి క్లాసుంది. పిల్లలకి చూపించడానికని పూలకుండీ రకం మగదాన్ని కూడా కోశారు. గిన్నెలు కడగలేదని నన్ను కేకలేసి..." ఆ పిల్ల గొంతు ఇంకా తగ్గించింది. "రెండింటినీ ఒకే గిన్నెలో పెట్టుకుని కోశారు."

ఆమె చేతిలో కుంచె అలాగే ఆగిపోయింది.

ఒక పురుగుకు ఒక గిన్నె. ఈ ల్యాబులో అడుగుపెట్టిన మొదటి రోజున సార్ నేర్పిన మొదటి మాట అదే. ఒకదాన్ని కోసి, సీసాలో వేసి, చీటీ పెట్టి, మూత బిగించి, గిన్నె కడిగిన తర్వాతే రెండోదాన్ని ముట్టుకోవాలి. "లాండ్రీలో చొక్కాలు కలిసిపోతే గుర్తు చూసి విడదీస్తారు. వీటికి గుర్తులెవడు కుడతాడు?" అని అడిగి, వెంటనే తనే పకపకా నవ్వేవారు. ఆ మాట తప్పినందుకు కిందటేడు ఒక కుర్రాడి మూడు నెలల పనినంతా సింకులో పారబోయించారు.

"నీకెందుకొచ్చిన గొడవ అక్కా! ఆ పురుగేమైనా వచ్చి సాక్ష్యం చెబుతుందా?" అంది పొడుగుపిల్ల.

"చెప్పదనేగా అందరి ధైర్యం" అంది ఆమె.

మర్నాడు ఉదయాన్నే సంచీలో డబ్బాలు, చేతిలో తోటపని పార పట్టుకుని లాండ్రీ వెనక్కి వెళ్లింది. ఇంకొక మగది దొరికితే ఏ తగువూ ఉండదు. కొక్కేలు బొమ్మలో ఉన్నట్టే ఉంటే కళ్లు మూసుకుని సరే అని రాయవచ్చు. ఆ ఆశతోనే వేగంగా నడిచింది. ఉతికిన నీళ్లు గోడ సందులోంచి కారి, ఆ మూల మట్టి ఎప్పుడూ గోరువెచ్చగా, తడిగా ఉండేది. మరెక్కడ వెతికినా కనబడని ఆ పురుగు అక్కడే దొరికింది.

మూల దగ్గర మట్టి లేదు. గోడ వారంతా తవ్వి, కంకర పరిచి ఉంది. సిమెంటు కలిపే యంత్రం గడగడమంటూ తిరుగుతోంది.

"ఎవరమ్మా? ఇటు రాకూడదు, కాలు జారుతుంది" అన్నాడు మేస్త్రీ.

"ఇక్కడి మట్టి ఎక్కడ పోశారు?"

"మట్టా?" అతను తాపీ కిందపెట్టి ఆమెను ఎగాదిగా చూశాడు. "ఎంత కావాలేంటి? లారీ తెచ్చారా?"

"రెండు డబ్బాలు చాలు. ఈ మూలదే కావాలి. ఇంకెక్కడిదీ పనికిరాదు."

"రెండు డబ్బాల మట్టిలో ఏం బంగారం దాచారు తల్లీ?" పనివాళ్లు నవ్వారు. అయినా మేస్త్రీ లేచి, ప్రహరీ పక్కన పోసిన కుప్పల్లో ఒకదాని దగ్గరికి తీసుకెళ్లి చూపించాడు. "ఇదే. నిన్న మధ్యాహ్నం తీసింది. పైన ఎండిపోయింది, లోపల చెయ్యి పెట్టండి. సాయంత్రం బండి వస్తే ఇది కూడా వెళ్లిపోతుంది. మీరు రేపు వచ్చి ఉంటే నా మొహం తప్ప ఇంకేం దొరికేది కాదు."

ఆమె మోకాళ్ల మీద కూర్చుని, కుప్పను అడుగు నుంచి తవ్వి, తడిగా చేతికి చల్లగా తగిలిన మట్టినే డబ్బాల్లోకి ఎత్తుకుంది. పైన ఎండ పొడుస్తోంది. డబ్బాల మూతలు పెట్టి వాటి మీద తడిగుడ్డ చుట్టేటప్పుడు, "పసిపిల్లని చుట్టినట్టు చుడుతోందిరా" అని వెనక ఎవరో అనడం వినిపించింది.

డిపార్ట్‌మెంటుకు తీసుకెళ్లకుండా తిన్నగా ఇంటికే తీసుకెళ్లింది.

వంటింటి మూల బల్ల మీద జల్లెడ, జల్లెడ కింద గరాటు, గరాటు కింద తడి కాగితం పరిచిన చిన్న డబ్బా, అన్నిటికీ పైన టేబుల్ లైటు. దీపం వేడికి మట్టి పైనుంచి ఎండుతూ వస్తుంది. చీకటినీ తడినీ వెతుక్కుంటూ పురుగులు కిందికి దిగి, జల్లెడ కళ్లలోంచి జారి డబ్బాలో పడతాయి. ల్యాబులోనైతే కింద ఆల్కహాల్ ఉంటుంది. ఇక్కడ వాటిని బతికుండగానే పట్టుకోవాలి.

"నా కన్ను బాగుపడిన దగ్గర్నుంచి నీ పురుగులు తప్ప ఇంకేం కనబడటం లేదే" అంది అత్తగారు, నల్ల కళ్లద్దాలు నుదుటి మీదికి నెట్టి డబ్బాలోకి తొంగిచూస్తూ. "మనం తినే గరాటేనా అది?"

"కాదత్తయ్యా, పాతది. మీరు నూనె పోసి విరగ్గొట్టారే, అది."

"విరిగింది కనుక దానికీ ఒక ఉద్యోగం వచ్చింది."

ఆమె భర్త కాఫీ కప్పుతో గుమ్మంలో నిలబడ్డాడు. విషయమంతా నిన్ననే విన్నాడు. "సార్ చెప్పినట్టు రాసేస్తే పోయేది కదా. నూకంత పురుగుని ఎవడొచ్చి కొలుస్తాడు?"

"నేను కొలిచాను కదండీ."

అతను కాఫీ గుటక వేశాడు.

సాయంత్రానికి డబ్బాలోకి కొన్ని దిగాయి. చేతి భూతద్దంతో ఒక్కొక్కదాన్నీ చూసింది. రెండు పెద్ద ఆడవి. మిగతావి పిల్లలు. మగది లేదు. మట్టిని పెన్నుతో అటూ ఇటూ కదిపి, దీపాన్ని ఇంకొంచెం కిందికి దించి, మళ్లీ కూర్చుంది. ఇంకొక పిల్ల జారింది. దాన్ని కుంచె మీదికి ఎక్కించి, సంతలో కొన్న తన పాత మైక్రోస్కోప్ కింద వెల్లకిలా తిప్పింది. ఏడో కణుపు దగ్గర కాళ్లు లేవు. వాటి స్థానంలో రెండు చిన్న బుడిపెలు ఉబ్బి ఉన్నాయి.

మగపిల్ల. ఇంకొక్క కుబుసం విడిస్తే బుడిపెల్లోంచి కొక్కేలు బయటపడతాయి. వెన్ను అప్పటికే పాలిపోయి ఉంది. కుబుసానికి సిద్ధమవుతోందన్నమాట.

మూడు పాత మాత్రల డబ్బాల మూతలు కడిగి, ఒక పురుగుకు ఒక గిన్నె లెక్కన ఒక్కొక్కదానిలో తడి మట్టి వేసి, ఆడవాటిని రెండింటినీ చెరొక దానిలో, మగపిల్లను వేరుగా పెట్టింది. పైన గాజు పలక మూసింది. మర్నాడు పొద్దున చూసేసరికి మగపిల్ల మట్టి ముద్దలు నోటితో తెచ్చి చుట్టూ పేర్చుకుని, పెసరగింజంత గూడు కట్టుకుని లోపల కూర్చుంది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అడిగింది అత్తగారు.

"ఏమీ చెయ్యకూడదు. గూడు కదిలినా, ఎండినా లోపలే చచ్చిపోతుంది. దానంతట అది రావాలి."

"ఎప్పుడొస్తుంది?"

"అది దాని ఇష్టం."

అత్తగారు బల్ల మీద సామాను దూరంగా జరిపి, "ఎవరైనా అడిగితే మా కోడలు పురుగులకి పురుడు పోస్తోందని చెబుతాను" అంది. తర్వాత ఆ పక్కనుంచి నడిచినప్పుడల్లా మునివేళ్ల మీద నడిచింది.

గురువారం మధ్యాహ్నం వరకూ గూడు అలాగే ఉంది. సార్ నుంచి రెండుసార్లు ఫోను వచ్చింది. మూడోసారి మోగకముందే ఆమె బయల్దేరి ఆయన గదికి వెళ్లింది.

"పంపావా?"

"లేదు సార్. ఒక మాట అడగడానికొచ్చాను. ఆ రోజు పూలకుండీ రకాన్ని కూడా కోశారా?"

సార్ చేతిలోని కాగితాలు సర్దడం ఆపారు. "ఎవరు చెప్పారు?"

"మిమ్మల్నే అడుగుతున్నాను సార్. ఒకే గిన్నెలోనా?"

బయట వరండాలో ఎవరో బెంచీ ఈడుస్తున్నారు. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి వచ్చి కూర్చున్నారు.

"క్లాసుకి టైమైపోయింది. అయితే ఏమైంది? ఏది ఏదో నాకు తెలియదా? నీ వయసంత కాలంగా వీటినే చూస్తున్నాను."

"తెలిసినవాళ్లకే రెండో గిన్నె కావాలని మీరే చెప్పారు. తెలియనివాడు ఎలాగూ అడుగుతాడన్నారు."

ఆయన మొహం ఎర్రబడింది. నీళ్ల గ్లాసు అందుకోబోయారు. గ్లాసు అంచు దగ్గర వేళ్లు సన్నగా వణకడం ఆమె చూసింది. తను చూసిందని ఆయనా చూశారు. చెయ్యి బల్ల కిందికి వెళ్లిపోయింది.

"ఉత్తరప్రత్యుత్తరాలన్నీ నువ్వే చూసుకోమన్నాను కదా" అన్నారు చివరికి, చాలా నెమ్మదిగా. "నీ పేరుతోనే పంపు. నీకేది తోస్తే అది. రేపు కమిటీలో నన్ను చూసి మాత్రం ఏడవకు."

ఆమె ల్యాబులో కూర్చుని మూడు వాక్యాలు రాసింది. కొక్కేలూ శరీరమూ ఒకే జీవివని నిర్ధారించలేకపోయాం. కోసేటప్పుడు మరొక జాతివి కలిసిపోయి ఉండే అవకాశం ఉంది. మరో మగదాన్ని చూసేవరకు వ్యాసాన్ని ఆపి ఉంచండి. రాసినది మళ్లీ చదివితే చెయ్యి వెనక్కి వస్తుందని తెలుసు. చదవకుండానే పంపేసింది. పక్క బల్ల దగ్గర పొడుగుపిల్ల తల ఎత్తకుండా చాలాసేపు ఒకే సీసాను తుడిచింది.

శుక్రవారం కమిటీ గదిలో పొడుగాటి బల్లకు అటువైపు ముగ్గురు, ఒక చివర సార్. ఆమె కోసం ఇటువైపు ఒక కుర్చీ. మధ్యలో కూర్చున్న పెద్దాయన ఫైలు తిరగేశారు.

"వ్యాసం వచ్చేస్తుందని రాసి ఉందే. ఏమైంది?"

"నేనే ఆపమన్నానండీ."

"మీరే ఆపమన్నారా?" ఆయన కళ్లజోడు పైనుంచి చూశారు. "రైలు కదిలాక గొలుసు లాగేవాళ్లని చూశాను. స్టేషన్లోనే లాగడం ఇదే చూడటం. ఎందుకు?"

"అందులో గీసిన అవయవం ఆ జీవిదో కాదో తెలియదు."

"పొరపాటెవరిది?"

ఆమె సార్ వైపు చూడలేదు. "వ్యాసంలో ఇద్దరి పేర్లున్నాయండీ."

"మీరేమంటారు?" అని పెద్దాయన సార్‌ని అడిగారు. సార్ పెన్ను మూతను బల్ల మీద నిలబెట్టడానికి ప్రయత్నిస్తున్నారు. అది పడిపోయింది. "ఆలస్యమైన మాట నిజమే" అన్నారు.

ఆలస్యమైంది కనుక రిజిస్ట్రేషన్ రద్దయింది. కావాలంటే మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు చేసుకోవచ్చునన్నారు. ల్యాబు తాళంచెవి ఆఫీసులో ఇచ్చి వెళ్లమన్నారు.

తాళంచెవి ఇచ్చి మెట్లు దిగుతుంటే వెనకనుంచి సార్ పిలిచారు. "నీకు ఇంకో మగ పిల్ల పురుగు దొరికిందట కదా, ల్యాబులో అనుకుంటున్నారు. ఏమైంది?"

"గూట్లో ఉంది సార్."

"బయటికొస్తే ఇక్కడికి పట్రా. నేను చూస్తాను."

ఆమె మెట్లు దిగిపోయింది. దారిలో లాండ్రీ వెనక్కి మళ్లి ఒకసారి చూసింది. గోడ మూల నున్నగా, బూడిద రంగులో ఆరిపోయి ఉంది. మట్టికుప్పలు కూడా లేవు. మేస్త్రీ సామాను సర్దుకుంటూ దూరం నుంచి చెయ్యి ఊపాడు.

ఇంట్లో అడుగు పెట్టేసరికి అత్తగారు బల్ల ముందు కుర్చీ వేసుకుని, ఒళ్లో తువ్వాలుతో, కాపలా పోలీసులా కూర్చుని ఉంది.

"చెప్పులక్కడే వదిలి మెల్లిగా రా. గుడిసె కూలిపోయింది. నేను ముట్టుకోలేదు, ఒట్టు! దానంతట అదే కూలింది."

గూటి కప్పు మధ్యలో చిల్లు పడి ఉంది. ఆమె సంచీ కూడా దించకుండా వంగి చూసింది. మట్టి గోడలో సగం కూలింది. లోపల పాలలా తెల్లగా, కొత్త గుడ్డలా మెత్తగా పురుగు కదులుతోంది. తను విడిచిన కుబుసాన్ని తానే తింటోంది.

మూతను అలాగే ఎత్తి మైక్రోస్కోప్ కింద పెట్టింది. కుంచెతో ముట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. అది తనంతట తాను పక్కకి ఒరిగేదాకా అద్దానికి కన్ను ఆనించి కాచుకుంది. వీపు లాగేసింది. భర్త వచ్చి "కమిటీ ఏమంది?" అని అడిగితే చేత్తో ఆగమంది. అప్పుడు అది కాళ్లు ఝాడిస్తూ ఒక్క క్షణం వెల్లకిలా తిరిగింది.

కొక్కేలు కొడవలిలా లేవు. నిటారుగా, కొసన పళ్లు పళ్లుగా చీలి, బొమ్మరింటి దువ్వెనల్లా ఉన్నాయి. అలాంటివి ఆమె ఏ పుస్తకంలోనూ చూడలేదు. వ్యాసంలో కొత్తదని రాసిన దానికన్నా ఇది ఎంతో కొత్తది. సార్ గీసిన బొమ్మ పూలకుండీలో పురుగుది.

"ఏమైందే? ఏం కనబడింది?" అంది అత్తగారు.

"మగపిల్లాడు అత్తయ్యా" అని, ఆమె నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. తర్వాత భర్తకు చెప్పింది. "రద్దు చేశారు."

అతను సంచీ ఆమె భుజం మీదనుంచి తనే తీసి, మేకుకు తగిలించాడు.

చీకటి పడకముందే ఫోను మోగింది.

"వచ్చిందా?" సార్ గొంతు.

"వచ్చింది సార్."

"కొక్కేలు?"

"మీరు గీసినవి కావు."

సార్ గొంతు సర్దుకున్నారు. "రేపు పొద్దున్నే డిపార్ట్‌మెంటుకి తెచ్చెయ్. ఆల్కహాల్‌లో వేసి తీసుకురా. అక్కడ కూర్చుని కోద్దాం."

"నాకు అక్కడ తాళంచెవి లేదు కదా సార్."

"నేను చెబుతాలే వాళ్లకి. ఆ ఒక్కటే మగది. ఆలస్యం చేస్తే చచ్చి కుళ్లిపోతుంది."

"ఇంకా మెత్తగా ఉంది. గట్టిపడాలి."

"గట్టిపడ్డాక?"

"గట్టిపడ్డాక కూడా కొన్నాళ్లు ఆగాలి. అప్పుడు ఇక్కడే, నేనే కోస్తాను. మీరు వచ్చి చూడండి సార్. మీకు కాఫీ ఇస్తాను."

"నా చెయ్యి చూశావు కదూ నిన్న" అన్నారు సార్, పూర్తిగా వేరే గొంతుతో. ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది.

అత్తగారు అంతా విన్నట్టే విని, బల్ల మీది మూడు మూతల వైపు గడ్డం చూపించింది. "కోస్తావా దీన్ని?"

"కోయక తప్పదత్తయ్యా. కోయకపోతే ఇది ఉందని ఎవరూ నమ్మరు."

"ఇంకెక్కడైనా ఉన్నాయా ఇలాంటివి?"

"ఉండే చోట సిమెంటు పోసేశారు."

"మరి ఉన్నది ఒక్కగానొక్క మగాడు. పక్కింట్లో ఇద్దరు ఆడపిల్లలు." అత్తగారు నల్ల కళ్లద్దాలు కిందికి దించుకుంది. "నేను చదువుకున్నదాన్ని కాదు, నాకేం తెలుస్తుందిలే."

ఆమె ఆ మాట కోసమే కాచుకున్నట్టు కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇది జత కట్టడానికే ఆ కొన్నాళ్లూ ఆగాలని ఫోన్లో సార్‌కి చెప్పలేదు. అడిగి ఉంటే చెప్పేదేమో.

వారం గడిచి, మగదాని వెన్ను గట్టిపడి, చురుగ్గా మూత అంచులన్నీ తడుముకుంటూ తిరిగే వేళకు, ఆమె కుంచెను నీళ్లలో ముంచి, కొసను వేళ్లతో సన్నగా నలిపింది. మొదటి ఆడదాన్ని జాగ్రత్తగా కుంచె మీదికి ఎక్కించుకుంది. ఇన్నేళ్ల అలవాటు కొద్దీ ఎడమ చెయ్యి కడిగిన ఇంకో మూత కోసం బల్ల మీద వెతికింది.

మూత దొరికింది. దాన్ని చూసి, తిరిగి పక్కన పెట్టేసింది.

తర్వాత కుంచెను మగది ఉన్న గిన్నెలోకే వంచింది.